మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ: కూల్చే ముందు ఆస్‌బెస్టాస్ సర్వే, పని డైరీ

సైటు వివరాలు ముందు. కోస్తాలో ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీ. 1960ల చివర్లో కట్టింది, రోజుకు 1250 టన్నుల చెరకు ఆడే పాత సైజు. ఆమదాలవలస నుంచి చిత్తూరు దాకా మూతపడ్డ మిల్లులు చూసినవాళ్లకు బొమ్మ కళ్లముందు కనిపిస్తుంది. స్థలం కొన్నవాళ్లు కూల్చివేత టెండర్ పిలిచే ముందు ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే నార ఖనిజం) ఎక్కడెక్కడ ఉంది, ఎంత ఉంది అనే లెక్క అడిగారు. అప్పు ఇచ్చేవాళ్ల షరతట. బ్రిటన్‌లో కూల్చే ముందు ఈ సర్వే తప్పనిసరి. మన దగ్గర ఎక్కువగా ఇలా ఎవరైనా అడిగితేనే జరుగుతోంది.

పద్ధతికి ఆధారం బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య, భద్రత సంస్థ వాళ్ల హెచ్‌ఎస్‌జీ 264 గైడు. అందులో సర్వేలు రెండు రకాలు. భవనం వాడుకలో ఉండగా పైపైన చూసేది ఒకటి, కూల్చే ముందు గోడలూ పైపులూ కోసి లోపల చూసేది రెండోది. మాది రెండోది. ఇలాంటి మిల్లులో ఇదే పని చేయబోయేవాళ్ల కోసం ఈ డైరీ. ఎక్కడ పని ఆగింది, ఏం మార్చాం అన్నదే ఎక్కువ రాశాను.

దశ 1: కాగితాలు, నడక (డిసెంబరు)

చేతికి వచ్చిన కాగితాలు మూడు: అమ్మకం నాటి యంత్రాల జాబితా, సగం చెదలు తిన్న స్టీమ్ లైన్ డ్రాయింగు, పాత కాంట్రాక్టర్ ఎవరో ఇచ్చిన ఒక పేజీ నోటు. నోటులో "ఆస్‌బెస్టాస్: రూఫు రేకులు మాత్రమే" అని ఉంది. స్టీమ్ పైపుల లాగింగ్ (వేడి పోకుండా పైపు చుట్టూ కట్టే పొర) నుంచి మూడు శాంపిళ్లు తీశారు, మూడూ "లేదు". ఏ పైపు, ఏ చోటు, ఎంత లోతు అన్నది రాయలేదు. అందుకే ఆ మూడు ఫలితాలను లెక్కలోకి తీసుకోలేదు.

కాగితాలకన్నా ఎక్కువ పనికొచ్చింది రిటైరైన ఫిట్టర్ గారు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగానే ఇల్లు. బాయిలర్ హౌస్‌లో తలెత్తి మెయిన్ లైన్ చూపించి అన్నారు: "బాబూ, దీనికి గ్లాస్ ఊల్ చుట్టింది మేమే. లోపల పాతది తీయలేదు. తీస్తే ఒళ్లంతా తెల్లదుమ్ము, దురద. దాని మీదే చుట్టేశాం." ఈ ఒక్క మాటతో శాంపిలింగ్ ప్లాను మొత్తం మారింది. లోహం తగిలేదాకా వెళ్లని శాంపిల్ ఏదీ ఈ సైటులో చెల్లదని ఆ రోజే రాసుకున్నాం.

నడకలో పాటించిన నియమాలు:

1. అనుమానం వచ్చిన ప్రతి వస్తువూ జాబితాలోకి. "లేదు" అని రుజువయ్యేదాకా "ఉంది" కిందే లెక్క.
2. చేరలేని చోటు కూడా జాబితాలో ఉండాలి, కారణంతో సహా. బాయిలర్ ఇటుక వెనక, పాన్‌ల (రసం మరిగించి చక్కెర కట్టించే పాత్రల) అడుగు, తాళం చెవి దొరకని కేబుల్ ట్రెంచ్.
3. నడకలో ఏదీ ముట్టుకోవద్దు, ఊడ్చవద్దు, చీపురు సైటులోకే రావద్దు.

మాస్కు విషయం ఇక్కడే తేల్చుకోవాల్సి వచ్చింది. మేం వాడింది పీ3 (సన్నటి దుమ్మును ఆపే రకం) ఫిల్టర్లున్న హాఫ్ మాస్కు. మొహానికి అతుక్కుని కూర్చుంటేనే అది పనిచేస్తుంది, గడ్డం ఉంటే కూర్చోదు. మా హెల్పర్ కుర్రాడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. దీక్షలో గడ్డం తీయమని అడగలేం, గడ్డంతో లోపలికి పంపలేం. ఇరుముడి కట్టి శబరిమల వెళ్లొచ్చేదాకా అతనికి బయటి పనులే ఇచ్చాం: నంబర్లు, ఫొటోలు, రిజిస్టర్. లాగింగ్ పని జనవరి చివరికి జరిపాం. డిసెంబరులో మనుషుల్ని మాట్లాడుకునేవాళ్లు ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

దశ 1 మొత్తం: అనుమానపు అంశాలు 41, చేరలేని చోట్లు 6, శాంపిళ్లు 0.

దశ 2: రేకులు

ఆస్‌బెస్టాస్ అనగానే అందరూ వేలు చూపించేది పైకప్పునే. పరిమాణంలో నిజంగానే అదే ఎక్కువ. ప్రమాదంలో మాత్రం జాబితాలో అడుగున ఉంటుంది. ఈ రేకుల్లో ఆస్‌బెస్టాస్ సుమారు 8 నుంచి 10 శాతం, అదీ సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. రేకుల మీద వెంటనే మనిషిని చంపేది నార కాదు, పడిపోవడం. పాత రేకు మీద అడుగు పెట్టడం అసలు లేదని మొదటి రోజే తేల్చేశాం. శాంపిళ్లన్నీ కింద నుంచి, స్కాఫోల్డింగ్ ఎక్కి, చూరు అంచుల్లో తీశాం.

1. అంచును సబ్బునీళ్లతో తడపాలి.
2. ఇప్పటికే పగులున్న మూల నుంచి పట్టకారుతో 3 నుంచి 5 చదరపు సెంటీమీటర్ల ముక్క విరవాలి. రంపం, గ్రైండర్ వద్దు.
3. విరిగిన అంచుకు పెయింటు పూయాలి.
4. రెండు జిప్ కవర్లు, రెండింటి మీదా అదే నంబరు.

రేకుల నుంచి 14 శాంపిళ్లు తీస్తే 13 పాజిటివ్, అన్నీ క్రైసోటైల్, అంటే తెల్ల ఆస్‌బెస్టాస్. నెగటివ్ వచ్చింది మూడో గోడౌన్‌కు తర్వాత కలిపిన చిన్న షెడ్డు. అదే బూడిద రంగు, అదే అల, అదే మందం. పక్కపక్కనే నిలబడి చూసినా తేడా పట్టలేం. ఫ్యాక్టరీ రికార్డులో ఆ షెడ్డు తేదీ ఉంది కాబట్టి విడిగా శాంపిల్ తీశాం, లేకపోతే అదీ ఆస్‌బెస్టాస్ లెక్కలోనే పోయేది.

రెండు కప్పు వాలులు కలిసే చోటి గట్టర్లలో పేరుకున్న ఒండ్రు నుంచి రెండు శాంపిళ్లు తీయించాను. రెండూ పాజిటివ్, అదీ విడి నార. యాభై ఏళ్ల వానలకు రేకు పైపొర అరిగి గట్టర్‌లోకి చేరింది. కూల్చేవాళ్లు దాన్ని మట్టి అనుకుని పారతో ఎత్తి కింద పోస్తారు. ఎండిన ఆ మట్టి రేకు కన్నా ప్రమాదం. సుమారు 3 ఘనపు మీటర్లు, జాబితాలో విడి అంశంగా రాశాం.

ఇక తూకం. టెండర్‌లో డబ్బు నిలిచేది దీని మీదే కాబట్టి లెక్క మొత్తం పెడుతున్నాను. డ్రాయింగు ప్రకారం నెగటివ్ షెడ్డు పోను కప్పు కింది నేల 9,200 చదరపు మీటర్లు. స్టోర్‌లో వాడకుండా మిగిలిన 3 మీటర్ల రేకులు తూస్తే ఒక్కోటి సగటున 42 కిలోలు. రేకు వెడల్పు 1.05 మీటర్లు, అంటే చదరపు మీటరుకు 13.3 కిలోలు. 9,200ను దీంతో గుణిస్తే సుమారు 123 టన్నులు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇంకా రెండు కలపాలి.

1. వాలు: 18 డిగ్రీలు. 9,200 × 1.051 = 9,670.
2. రేకు మీద రేకు ఎక్కే భాగం: 1.05 వెడల్పులో పరచుకునేది 1.01, 3 మీటర్ల పొడవులో 2.85. గుణకం 1.094. అంటే 10,580 చదరపు మీటర్ల రేకు.
3. తూకం: సుమారు 141 టన్నులు.

గోడలకు నిలువుగా కొట్టిన రేకులు మరో 17 టన్నులు. మొత్తం 158. నేల వైశాల్యంతో వేసిన లెక్కకు, అసలు కప్పు లెక్కకు మధ్యనే 18 టన్నుల తేడా. ఇంకో మాట, ఇవన్నీ పొడి రేకుల తూకాలు. వాన కురిసిన మర్నాడు అవే స్టోరు రేకులు బయట పెట్టి తూస్తే 47 కిలోలు వచ్చాయి. పారవేసే చోట టన్నుకింత అని తీసుకుంటారు. రేకులు దించేది వేసవిలోనే ఉండాలని టెండర్ షరతుల్లో రాయించడానికి ఇదొక కారణం.

దశ 2 మొత్తం: శాంపిళ్లు 16, పాజిటివ్ 15. రేకులు 158 టన్నులు, గట్టర్ ఒండ్రు 3 ఘనపు మీటర్లు.

దశ 3: స్టీమ్ పైపుల లాగింగ్ (జనవరి చివర, ఫిబ్రవరి)

మొత్తం పనిలో ఎక్కువ సమయం తిన్నది, ఎక్కువసార్లు పద్ధతి మార్చుకున్నదీ ఇక్కడే.

గైడు ప్రకారం పైపు పొడవున ప్రతి 3 మీటర్లకు ఒక శాంపిల్. 20 మీటర్లు దాటిన పొడవాటి లైన్లకు 6 మీటర్లకు ఒకటి చాలు. దీనికోసం ఊళ్లో లేత్ షాపులో 20 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం ఒకటి చేయించాం. ఒక చివర పళ్ల అంచు, రెండో చివర అడ్డపిడి. చేత్తో తిప్పుతూ లోపలికి దింపాలి. డ్రిల్లు వాడకూడదు.

మొదటి లైన్ మీదే గొట్టం ఇరుక్కుపోయింది. కాన్వాస్ గుడ్డ కింద గట్టి ప్లాస్టర్, దాని కింద కోళ్ల మెష్ లాంటి ఇనుప వల. పళ్లు వలలో చిక్కుకుంటే లాగాల్సి వచ్చింది, లాగితే ప్లాస్టర్ పెళ్లలుగా ఊడింది. పని ఆపేసి, కింద పడిందంతా హెచ్ క్లాస్ (ప్రమాదకర దుమ్ము కోసం చేసిన) వాక్యూమ్‌తో తీసి, మర్నాటి నుంచి పైపొరను ముందు కత్తిరించడం మొదలుపెట్టాం.

రెండో చిక్కు తడి. కాన్వాస్ మీద ఏళ్ల తరబడి వేసిన పెయింటు ఉంది. పైన సబ్బునీళ్లు కొడితే జారిపోతున్నాయి తప్ప లోపలికి దిగడం లేదు. గొట్టం బయటికి తీస్తే లోపలి పొర ఎండుగా పొడిపొడిగా ఉంది. పశువుల మందుల షాపులో లావు సూది, 50 మిల్లీలీటర్ల సిరంజి కొన్నాం. గొట్టం దించే చోటు చుట్టూ నాలుగు పోట్లు పొడిచి నీళ్లు ఎక్కించి, పది నిమిషాలు ఆగాక దించితే కోర్ (గొట్టంలో నిలిచే పొరల ముక్క) తడిముద్దగా వచ్చింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇలాంటి పని చేసేవాళ్లు వేరే ఏదీ చదవకపోయినా ఈ ఒక్క వాక్యం చదవండి.

స్థిరపడ్డ పద్ధతి:

1. కింద పాలిథీన్ పరిచి అంచులు టేపు వేయాలి.
2. సూదితో సబ్బునీళ్లు ఎక్కించి పది నిమిషాలు ఆగాలి.
3. కాన్వాస్‌ను కత్తితో, వలను రేకు కత్తెరతో రూపాయి బిళ్లంత మేర తీయాలి.
4. గొట్టాన్ని చేత్తో తిప్పుతూ లోహం టంగుమనేదాకా దింపాలి. దిగిన లోతు రాయాలి.
5. గొట్టం మూతిని కవర్‌లో పెట్టే బయటికి లాగాలి.
6. రంధ్రాన్ని తడి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో మూసి పైన టేపు.
7. గొట్టాన్ని తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డా వ్యర్థాల సంచిలోకే.

కోర్‌ను కవర్‌లో నుంచే చూస్తే పొరలు స్పష్టంగా కనిపించేవి. పైన వెండి రంగు పెయింటు, చిరిగిన కాన్వాస్, బొటనవేలి మందం గట్టి ప్లాస్టర్, పసుపు గ్లాస్ ఊల్, దాని కింద సుద్దముక్కలా తెల్లగా, అక్కడక్కడ గోధుమరంగు పోగులతో మెగ్నీషియా (ఆస్‌బెస్టాస్ కలిపిన పాత లాగింగ్) పొర. పైపుకు ఆనుకున్న చివరి అరంగుళం వేడికి మాడి గోధుమరంగుకు తిరిగింది. ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా అదే.

ఆ మాడిన పొర గురించి లాబ్‌కు ముందే చెప్పాలి. పోలరైజ్డ్ సూక్ష్మదర్శిని కింద నారను గుర్తుపట్టేది వక్రీభవన సూచిక (కాంతిని ఎంత వంచుతుందన్న కొలత) తెలిసిన నూనెలతో: క్రైసోటైల్‌కు 1.550, అమోసైట్‌కు (గోధుమ రకం) 1.670, క్రోసిడోలైట్‌కు (నీలి రకం) 1.700. బాగా వేడి తగిలిన అమోసైట్‌లో ఈ విలువ మారిపోతుంది. "వేడి పైపు, లోపలి పొర" అని శాంపిల్ ఫారం మీద రాయకపోతే కొత్త అనలిస్టు తికమకపడతాడు. మా మొదటి బ్యాచ్‌లో రెండింటికి "గుర్తించలేకపోయాం" అని వచ్చింది. వివరం పంపాక అవే అమోసైట్‌గా తేలాయి.

ఇక పాత కాంట్రాక్టర్ మూడు "లేదు"ల సంగతి. 46 కోర్లలో 17 నెగటివ్. అవి ఎక్కడ వచ్చాయో డ్రాయింగు మీద చుక్కలు పెడితే విషయం అర్థమైంది. తొమ్మిది వాల్వుల దగ్గర, బెండ్ల దగ్గర. అయిదు తర్వాతి కాలంలో వేసిన కొత్త లైను మీద. మూడు మాత్రం పాత తిన్నని పైపు మీద. వాల్వులు లీకవుతాయి, రిపేరు చేసినప్పుడల్లా అక్కడి లాగింగ్ పూర్తిగా పీకి కొత్తది వేస్తారు. ప్లాట్‌ఫారం మీద నిలబడితే చేతికి అందేవీ వాల్వులే. శాంపిల్ తీయడానికి సులువైన చోటే కొత్త లాగింగ్ ఉన్న చోటు. ముందు తీసినవాళ్లు నిచ్చెన ఎక్కలేదని నా అనుమానం.

తిన్నని పైపు మీది మూడు నెగటివ్‌ల పక్కన, మీటరు దూరంలో మళ్లీ కోర్లు తీశాం (46లో ఇవీ కలిసే ఉన్నాయి). మూడూ పాజిటివ్. అప్పుడు నియమం పెట్టుకున్నాం: ఒక తిన్నని లైనులో ఒక్క పాజిటివ్ వచ్చినా లైను మొత్తం పాజిటివ్. ముక్కలు ముక్కలుగా "ఇక్కడ ఉంది, అక్కడ లేదు" అని రాస్తే గ్యాస్ కటింగ్ చేసే మనిషి చదవడు. చదివినా పది అడుగుల ఎత్తున ఆ గీత కనపడదు.

పరిమాణం లెక్క ఇలా. ఉదాహరణకు 219 మిల్లీమీటర్ల పైపు, దాని చుట్టూ 75 మిల్లీమీటర్ల లాగింగ్: మీటరుకు 0.069 ఘనపు మీటర్లు. సాంద్రత ఘనపు మీటరుకు 200 కిలోలు పెట్టుకుంటే మీటరుకు దాదాపు 14 కిలోలు. అన్ని సైజుల పైపులూ కలిపి 372 మీటర్లు, 24 ఘనపు మీటర్లు. జ్యూస్ హీటర్లు, ఎవాపరేటర్ బాడీల మీద మరో 20.5. మొత్తం 44.5 ఘనపు మీటర్లు, పొడిగా 8.9 టన్నులు. 158 టన్నుల రేకుల పక్కన పెడితే చిన్న అంకె. ఈ పని మొత్తంలో మనుషుల ఊపిరితిత్తులకు సంబంధించిన అంకె మాత్రం ఇదే.

పని మధ్యలో ఇంకో దెబ్బ. పాన్ స్టేషన్ లైన్ల మీద అల్యూమినియం తొడుగు ఉండేది. సంక్రాంతి సెలవుల్లో దొంగలు దాన్ని ఒలుచుకుపోయారు. డిసెంబరు ఫొటోల్లో చక్కగా మూసి ఉన్న లాగింగ్, ఫిబ్రవరికి వేలాడుతోంది, కొంత కింద బగాస్‌లో (చెరకు పిప్పిలో) పడి ఉంది. పరిస్థితి స్కోరు (దశ 7లో చెబుతాను) తిరగరాయాల్సి వచ్చింది. బాయిలర్ హౌస్ కింది అంతస్తు మొత్తం తాడు కట్టి మూసేశాం. వాచ్‌మన్ అక్కడే మంచం వేసుకుని పడుకునేవాడు, అతని మంచం గేటు దగ్గరికి మార్పించాం.

దశ 3 మొత్తం: శాంపిళ్లు 46, పాజిటివ్ 29. ఇప్పటిదాకా శాంపిళ్లు 62, పాజిటివ్ 44.

దశ 4: గాలి శాంపిళ్లు, పనికిరాకుండా పోయిన తీరు

పని మొదలయ్యే ముందు గాలిలో ఎంత నార ఉందో తెలిస్తే తర్వాతి కొలతలతో పోల్చుకోవచ్చని ప్లాను. పద్ధతి మామూలుదే. 25 మిల్లీమీటర్ల మెంబ్రేన్ ఫిల్టర్, రంధ్రం 0.8 మైక్రాన్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 240 నిమిషాలు, అంటే 480 లీటర్లు. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని కింద 200 ఫీల్డులు లెక్కిస్తే మిల్లీలీటరుకు 0.01 ఫైబర్ దాకా నమ్మకంగా చెప్పొచ్చు.

ఫిల్టర్లు విప్పితే టీ పొడి రంగు. లాబ్ నుంచి ఒకే మాట: "ఓవర్‌లోడ్, లెక్కించలేం." మూతపడి ఏళ్లైనా మిల్లు లోపల ప్రతి దూలం మీదా బగాస్ దుమ్ము అంగుళం మేర ఉంది. గాలి వీస్తే లేస్తోంది.

గాలి పరిమాణం తగ్గించి 120 లీటర్లకు తీశాం. ఈసారి లెక్కించగలిగారు, 0.06 వచ్చింది. ఈ అంకె చూసి ఎవరికైనా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే బ్రిటన్‌లో పనిచోటు పరిమితి 0.1. కానీ రెండు సంగతులు చూడాలి. నాలుగో వంతు గాలి తీశాం కాబట్టి నమ్మదగిన కనిష్ఠం కూడా నాలుగింతలై 0.04కు పెరిగింది. 0.06 దానికి కాస్త పైన మాత్రమే. రెండోది, ఈ పద్ధతిలో 5 మైక్రాన్ల కన్నా పొడవు, 3 మైక్రాన్ల కన్నా సన్నం, మందానికి మూడింతలకు మించిన పొడవు ఉన్నది ఏదైనా ఫైబరే. చెరకు పిప్పి పోగైనా, బట్ట దారమైనా ఒకటే లెక్క. లాబ్ రిమార్కులో "ఎక్కువగా సేంద్రియ పోగులు" అనే రాశారు.

ఒక ఫిల్టర్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి పంపాం. ముందు ప్లాస్మాలో సేంద్రియ పదార్థం బూడిద చేసి చూస్తారు. బాయిలర్ హౌస్ ఫిల్టర్‌లో అమోసైట్ పోగులు కొద్దిగా కనిపించాయి. మిగతావి పంపలేదు, ఖర్చుకు తగ్గ సమాచారం రాదు. బదులుగా రిపోర్టులో ఇలా రాశాం: బాయిలర్ హౌస్ బగాస్ అంతా కలుషితమైనదే అనుకుని తడిపి తీయాలి. అది తీశాకే గాలి కొలతలు మొదలుపెట్టాలి. చక్కెర మిల్లులో, జూట్ మిల్లులో, స్పిన్నింగ్ మిల్లులో గాలి శాంపిళ్ల కోసం ముందే డబ్బు కట్టవద్దు.

దశ 5: గాస్కెట్లు, తాళ్లు, బ్రేకులు, కరెంటు బోర్డులు (మార్చి)

ఇక్కడ వస్తువులు చిన్నవి, సంఖ్య పెద్దది. స్టీమ్, కండెన్సేట్ లైన్లలో ఫ్లాంజ్‌లు (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచులు) లెక్కిస్తే 268. ప్రతిదీ విప్పి శాంపిల్ తీయడం జరిగే పని కాదు. పన్నెండు విప్పాం, పదింటిలో గాస్కెట్ (లీకు ఆపే మధ్య బిళ్ల) సీఏఎఫ్ షీటు, అంటే ఆస్‌బెస్టాసే. మిగతా 256 "ఉన్నట్టే" లెక్క.

ఆ పదింటిలో ఒకటి మమ్మల్ని ఆపింది. రసానికి గంధకపు పొగ పట్టించే సల్ఫిటేషన్ స్టేషన్‌లో, సల్ఫర్ బర్నర్ దగ్గరి ఫ్లాంజ్ గాస్కెట్. తడిపి విప్పితే అంచు నీలంగా ఉంది. ఫలితం క్రోసిడోలైట్. ఆమ్లానికి తట్టుకుంటుందని అలాంటి చోట్ల నీలి రకం వాడేవారు. సైటు మొత్తంలో ఆ రకం దొరికింది అక్కడే. మూడు రకాల్లో మెసోథీలియోమా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) ముప్పు ఎక్కువ దీనితోనే. ఆ లైను ఫ్లాంజ్‌లన్నిటికీ విడి నంబర్లు ఇచ్చాం.

మిగతా వరుస:

1. పంపుల గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్టు చుట్టూ లీకు ఆపే తాడు): 5 తీస్తే 4 పాజిటివ్. గ్రాఫైట్ పూసి ఉంటుంది కాబట్టి నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది, ఎవరూ అనుమానించరు.
2. బాయిలర్ తలుపుల తాడు: 4కు 4.
3. బ్రేకులు: సెంట్రిఫ్యూగల్ మెషిన్లవి, చెరకు దించే క్రేన్‌వి. 4లో 2. సెంట్రిఫ్యూగల్ బ్రేకు చుట్టూ ఉన్న పెట్టెలో దశాబ్దాల అరుగుదల పొడి పేరుకుని ఉంది. శాంపిల్ కన్నా ఆ పొడే ముఖ్యం, జాబితాలో విడిగా రాశాం.
4. పాత స్విచ్ బోర్డులు: ఫ్యూజ్ క్యారియర్లలో నేసిన తెల్లటి ప్యాడ్, కాంటాక్టర్లలో ఆర్క్ షూట్లు (నిప్పురవ్వలు ఆర్పే పెట్టెలు). 6లో 2. రాగి కోసం స్క్రాప్ వాళ్లు మొదట పగలగొట్టేది వీటినే.

ఫ్లాంజ్‌లకు కూల్చివేత పద్ధతి కూడా మేమే రాసి ఇచ్చాం: బోల్టులు విప్పవద్దు, ఫ్లాంజ్ మీద గ్యాస్ కటింగ్ వద్దు. రెండు వైపులా అడుగు దూరంలో పైపు కోసి, ఫ్లాంజ్‌ను కదపకుండా పాలిథీన్‌లో చుట్టి పక్కన పెట్టాలి. ఇనుము బరువు పోతుందని స్క్రాప్ కాంట్రాక్టర్ గొణిగాడు. 268 ఫ్లాంజ్‌ల ఇనుము ధర తీసి, బిడ్‌లో తగ్గించుకోమని చెప్పాక ఒప్పుకున్నాడు.

దశ 5 మొత్తం: శాంపిళ్లు 31, పాజిటివ్ 22. ఇప్పటిదాకా శాంపిళ్లు 93, పాజిటివ్ 66.

దశ 6: బోర్డులు, టైల్స్, భూమిలో పైపు

కంట్రోల్ రూమ్ సీలింగ్ చప్పటి బోర్డు. రేకు లాంటి సిమెంటు బోర్డా, మెత్తటి ఇన్సులేషన్ బోర్డా అన్నది తేలాలి. రెండో రకంలో ఆస్‌బెస్టాస్ శాతం ఎక్కువ, విరిస్తే నార సులువుగా లేస్తుంది. తేడాకు సులువైన పరీక్ష నీళ్లు పీల్చడం. ఆరబెట్టిన ముక్కను తూచి, నానబెట్టి మళ్లీ తూస్తే బరువు 30 శాతం లోపు పెరిగితే సిమెంటు బోర్డు, అంతకు మించితే ఇన్సులేషన్ బోర్డు. మాది సగానికి పైగా పెరిగింది. 7 శాంపిళ్లలో 5 పాజిటివ్.

ఆఫీసు గదుల్లో వినైల్ టైల్స్ 4 తీస్తే నాలుగూ "లేదు". వీటిని నమ్మలేదు. పాత వినైల్ టైల్స్‌లో క్రైసోటైల్ ఎంత సన్నగా నూరి కలుపుతారంటే మామూలు సూక్ష్మదర్శినికి అందదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి పంపొచ్చు. కానీ గదులు మూడే. పరీక్ష ఖర్చు కన్నా ఉన్నట్టే లెక్కేసి తీయించడం చవక. టైల్ కింది నల్ల జిగురు 2 తీస్తే 1 పాజిటివ్, ఆ నిర్ణయం సరేనని తేలింది. స్లాబు మీది తారు ఫెల్ట్ 2లో 1.

భూమిలో పైపు డ్రాయింగులో లేదు. బోరు నుంచి స్ప్రే పాండ్‌కు (నీళ్లు చల్లార్చే చెరువుకు) నీళ్లు ఎలా వెళ్లేవని ఫిట్టర్ గారిని అడిగితే, ఆయన పాత పంపు ఆపరేటర్‌ను వెంటబెట్టుకొచ్చారు. ఆయన చింతచెట్టు నుంచి కాలితో గీత గీసి చూపించారు. "ఇక్కడ తవ్వండి సార్, మూడడుగుల్లో తగుల్తుంది." తగిలింది. 150 మిల్లీమీటర్ల ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) ప్రెజర్ పైపు, 340 మీటర్లు. 2 శాంపిళ్లు, 2 పాజిటివ్. పునాదులు తవ్వే జేసీబీ దీని మీదుగానే వెళ్లేది.

దశ 6 మొత్తం: శాంపిళ్లు 17, పాజిటివ్ 9. మొత్తం శాంపిళ్లు 110, పాజిటివ్ 75.

దశ 7: గుర్తులు, స్కోర్లు, క్రమం (ఏప్రిల్)

గుర్తులకు మొదట స్టిక్కర్లు. ఎండకు ఊడిపోయాయి. తర్వాత అల్యూమినియం బిళ్లలు. వాటినీ ఎత్తుకుపోయారు. చివరికి ఎర్ర పెయింటు, స్టెన్సిల్, తెలుగులో పెద్ద అక్షరాలు: "కోయవద్దు". కింద నంబరు. కూలీల్లో ఒడిశా, బిహార్ వాళ్లు ఉంటారు కాబట్టి పక్కన ఎర్ర కత్తెర బొమ్మ మీద అడ్డగీత.

స్కోరు నాలుగు అంశాలది: వస్తువు రకం, దెబ్బతిన్న తీరు, పై పూత, నార రకం. మొత్తం 12కు. 10, ఆపైన వస్తే అత్యంత జాగ్రత్త.

- బాయిలర్ హౌస్ లాగింగ్: 3 + 3 + 3 + 2 = 11
- మామూలు రూఫు రేకు: 1 + 1 + 1 + 1 = 4

కొన్నవాళ్ల ఆఫీసులో ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టాకే బడ్జెట్ చర్చ దారిలో పడింది. అప్పటిదాకా డబ్బంతా రేకుల పద్దు కిందే వేశారు, లాగింగ్‌కు "ఇతర ఖర్చులు" అని ఒక వరుస.

రేకులతో వచ్చిన తలనొప్పి వేరు. ఊళ్లో వాళ్లు రోజూ గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. "సార్, పారేసేవే కదా, ఓ ఇరవై ఇప్పించండి, గేదెల పాకకి." ఫిట్టర్ గారి అల్లుడు కూడా అడిగాడు. పాత రేకులకు మార్కెట్ ఉంది, కాంట్రాక్టర్లు అమ్ముకుంటారు కూడా. కాబట్టి టెండర్‌లో రేకులను టన్నుల్లో కాకుండా సంఖ్యలో రాయించాం. దించిన సంఖ్య, లారీ ఎక్కిన సంఖ్య, పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో దిగిన సంఖ్య మూడూ సరిపోవాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో షెడ్యూల్ 1, 15వ అంశంలో పారేసిన ఆస్‌బెస్టాస్ ఉంది. దాని ప్రకారం ప్రతి లారీకి ఫారం 10 మేనిఫెస్టు (రవాణా పత్రం). ఆ అంశం ఆస్‌బెస్టాస్ తయారీ ఫ్యాక్టరీల గురించేనని కాంట్రాక్టర్ వాదించాడు. కొన్నవాళ్ల లాయరు వినలేదు.

అప్పగించిన క్రమం:

1. బాయిలర్ హౌస్ బగాస్, రాలిన లాగింగ్: తడిపి, రెండు సంచుల్లో.
2. లాగింగ్: పాలిథీన్ గది కట్టి, లోపలి గాలి బయటికి రాకుండా ఫిల్టర్ ఫ్యాన్ పెట్టి.
3. ఇన్సులేషన్ బోర్డులు, తాళ్లు, బ్రేకు పొడి, స్విచ్ ప్యాడ్లు.
4. ఫ్లాంజ్‌లు కోసి చుట్టడం. సల్ఫిటేషన్ లైను చివరన, విడిగా.
5. గట్టర్ ఒండ్రు, తర్వాత రేకులు. జే బోల్టు నట్లు కట్టర్‌తో కోసి, రేకు విరగకుండా కిందికి.
6. టైల్స్, ఫెల్ట్, భూమిలో పైపు.
7. ఆ తర్వాతే యంత్రాలకు గ్యాస్ కటింగ్, గోడలకు జేసీబీ.

చేరలేని ఆరు చోట్లలో నాలుగు తెరిచాం. మిగిలినవి రెండు: బాయిలర్ ఇటుకల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్లు, మూడో పాన్ అడుగు. ఇటుక కదిలిన రోజు పని ఆపి, శాంపిల్ తీసి, ఫలితం వచ్చేదాకా ఆ వైపు ఎవరూ వెళ్లకూడదని రిజిస్టర్ మొదటి పేజీలోనే రాసి, కాంట్రాక్టర్ సంతకం తీసుకున్నాం. గొట్టం, సూది, స్టెన్సిల్ స్టోర్‌లోనే ఉంచాం.